ఉడకని శనగలు

లబీబ్ నిజం చెప్పి ఐదు నెలలైంది. ఆ రోజు నుంచి అతని అన్న తమీమ్ అతని ముఖం చూడలేదు.

వాళ్లమ్మ పోయిన నలభయ్యో రోజు భోజనాల దగ్గర ఆ నిజం చెప్పాడు. బంధువులంతా చాపల మీద వరసగా కూర్చున్నారు. రొట్టెలు వచ్చాయి. తమీమ్ ఒక ముక్క తుంచి నోటి దాకా తెచ్చాడు. అప్పుడు లబీబ్ లేచి నిలబడ్డాడు.

"ఈ వరసలో ఒక చెయ్యి రొట్టె తుంచుతోంది," అన్నాడు అందరికీ వినపడేలా. "పొద్దున ఆ చెయ్యే వంద గొంతులు నొక్కి వచ్చింది."

మాట గొప్పగా వచ్చింది. ఎక్కడో చదివిందే, కొంచెం మార్చాడు. చాపల మీద చేతులన్నీ ఆగిపోయాయి. తమీమ్ ఆ ముక్కను తిరిగి పళ్లెంలో పెట్టాడు. చెయ్యి తుడుచుకున్నాడు. పక్కన పెట్టిన తాళాల గుత్తి తీసుకుని నడుముకు తగిలించుకున్నాడు. లేచి వెళ్లిపోయాడు.

అవి నీళ్ల తాళాలు. సముద్రానికి ఎదురుగా ఉన్న ఆ కొండ ఊళ్లో ఒకటే ఊట. ఊట కాలువ ముందు ఊరిని ఏలే అమీరు తోటలోంచి వెళ్లి, తర్వాతే ఊళ్లోకి దిగుతుంది. తోట గోడ దగ్గర తూము. ఆ తూము తాళం తమీమ్ చేతిలో ఉంటుంది. అమీరు హంసల కోసం కొత్త కొలను తవ్వించాక, దిగువన ఉన్న కుమ్మరి వాడకి మూడు రోజులకోసారి నీళ్లు వదలమన్నాడు. తమీమ్ అలాగే వదిలాడు. హంసలు రోజూ మునిగి తేలుతూ ఉంటే మనుషులు కడవలు బోర్లించుకుని కూర్చున్నారు. లబీబ్ చెప్పిన దాంట్లో అబద్ధం ఒక్కటి కూడా లేదు.

ఆ రోజు తాను గెలిచాననుకున్నాడు లబీబ్. ఇప్పుడు కుమ్మరి వాడకి నాలుగు రోజులకోసారి నీళ్లు వస్తున్నాయి. ఇంట్లో అన్న లేడు, అమ్మ లేదు. గెలిచినవాడు ఒక్కడే కూర్చుని తింటున్నాడు.

లబీబ్ మూడేళ్లుగా బాబా మారూఫ్ దగ్గర శిష్యుడు. ఊరికి పైన, ఆలివ్ తోటల మధ్య, బాబా తన ఫకీర్లతో ఉండే ఖాన్‌ఖా ఒకటి ఉంది. అక్కడ ఉన్న పుస్తకాలన్నీ లబీబ్ చదివేశాడు. లేనివి తెప్పించుకుని చదివాడు. ఈ శుక్రవారం నమాజు అయ్యాక మసీదులో చదవడానికి మూడు కాగితాలు రాశాడు. వాటిలో అన్న పేరు పదకొండు సార్లు ఉంది. ఆ కాగితాలు జుబ్బా లోపలి జేబులో, గుండెకు ఆనుకుని ఉండేవి.

కానీ బాబా అనుమతి లేకుండా ఖాన్‌ఖా మనిషి మసీదులో నోరు విప్పకూడదు. అది అక్కడి పద్ధతి.

మంగళవారం తెల్లవారగానే వెళ్లాడు. సముద్రం మీద పుట్టిన పొగమంచు రోజూ ఆ వేళకు కొండ ఎక్కి, వాకిలి దాటి, అడిగే వాళ్లెవరూ లేనట్టు లోపలికి వచ్చేస్తుంది. బాబా వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని తెల్ల శనగల్లో రాళ్లు ఏరుతున్నాడు. మంచులో ఆయన చేతులు, చేట మాత్రమే కనిపించాయి.

"బాబా, మీరు అనుమతి ఇవ్వాలి."

"దేనికి నాయనా?"

"నిజం చెప్పడానికి."

బాబా చేటలోంచి ఒకటి తీసి అరచేతిలో చూపించాడు. "ఇది శనగా, రాయా? నా కళ్లు సరిగా ఆనడం లేదు."

"రాయి."

"నీ కళ్లు మంచివి," అని దాన్ని మంచులోకి విసిరాడు. పడిన చప్పుడు వినిపించలేదు.

లబీబ్ ఆయన ఎదుట కూలబడ్డాడు. "నేను అడిగేది ఒకటే బాబా. నేను చెప్పింది నిజం. అది మీకూ తెలుసు, మా అన్నకూ తెలుసు. నిజం చెబితే మనిషి మారాలి కదా. ఎందుకు మారలేదు? తప్పు నా నిజంలో ఉందా, ఆ మనిషిలో ఉందా?"

బాబా చేట ఒకసారి ఎగరేసి పట్టుకున్నాడు. శనగలు మంచులోకి లేచి, కాసేపు అక్కడే ఆగినట్టు ఆగి, మళ్లీ వచ్చి చేటలో పడ్డాయి.

"గురువారం మధ్యాహ్నం భోజనానికి ఒక అతిథి వస్తాడు. ఈ శనగలు నూరి, రొట్టెలోకి హమ్మస్ చెయ్యాలి. నువ్వు చెయ్యి."

"నేనా? వంటకి హమ్దాన్ మామ ఉన్నాడుగా."

"నువ్వే. చేసి, ఆ మనిషికి పెట్టి, అప్పుడు అడుగు."

"బాబా, నేను నీళ్ల గురించి మాట్లాడుతున్నాను. వాడలో పిల్లలు..."

"నీళ్లు ఎక్కువే పొయ్యి," అన్నాడు బాబా చేట అందిస్తూ. "బాగా ఉబ్బుతాయి."

హమ్దాన్ నలభై ఏళ్లుగా ఆ వంటింట్లో ఉన్నాడు. చదువు లేదు. చదువుకున్నవాళ్లంటే భయమూ లేదు.

"రా పండితుడా," అన్నాడు లబీబ్‌ను చూసి. "ఇవాళ నానెయ్యి. రేపు ఉడకబెట్టు. వేలితో నొక్కితే నలిగిపోవాలి, అలా ఉడకాలి. పొట్టు తియ్యి. రోట్లో వేసి మెత్తగా నూరు. నువ్వుల ముద్ద కలుపు. వెల్లుల్లి, ఉప్పు. అన్నీ అయ్యాక, చివర నిమ్మకాయ."

"చివరే ఎందుకు మామా?"

"మా అమ్మ చివరే వేసేది."

"అది కారణం కాదు. అలవాటు. లోకాన్ని నాశనం చేసింది ఇలాంటి అలవాట్లే."

"లోకం సంగతి నాకు తెలీదు," అన్నాడు హమ్దాన్. "కుండ మాత్రం నాశనం చెయ్యకు."

బుధవారం పొద్దున్నే లబీబ్ పొయ్యి రాజేశాడు. శనగలు నాని, పగలబోయే మొగ్గల్లా ఉన్నాయి. కుండలో వేసి, నీళ్లు పోసి, మంట పెద్దది చేశాడు. అప్పుడు గూట్లో ఉన్న బుట్టలో నిమ్మకాయలు కనిపించాయి.

చాలాసేపు వాటినే చూశాడు. చివర ఎందుకు? పైపైన పూసిన పులుపు నాలుకను మాయ చేస్తుంది, అంతే. గింజ లోపల అదే చప్పదనం ఉంటుంది. పులుపు గింజ గుండెలోకి దిగాలి. దిగాలంటే మొదటి నుంచే ఉండాలి. సగం నిజం, ఆలస్యమైన నిజం, అతిథి నొచ్చుకోకుండా పక్కన పెట్టిన నిజం, ఇవన్నీ అబద్ధానికి చుట్టాలే. తన కాగితాల్లో రెండో దాంట్లో అచ్చంగా ఈ వాక్యమే రాసుకున్నాడు.

రెండు నిమ్మకాయలు పిండాడు. కుండ వైపు చూసి మూడోది కూడా పిండాడు.

వంటిల్లు ఆవిరితో నిండిపోయింది. కిటికీలోంచి వచ్చే మంచూ, కుండలోంచి లేచే ఆవిరీ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. గోడలు మెల్లగా దూరం జరిగిపోయినట్టు ఉంది. ఆ తెల్లదనంలో లబీబ్‌కు వాళ్లమ్మ వీపు కనిపించినట్టయింది. ఆమె రోటి ముందు వంగి కూర్చుని ఉంది. ఒకవైపు తమీమ్, ఒకవైపు తను. పొట్టు తీసే పని వాళ్లిద్దరిది. తీసిన పొట్టును అరచేతిలో పెట్టుకుని ఒకరి ముఖం మీద ఒకరు ఊదుకునేవారు. అమ్మ తిట్టేది. ఏమని తిట్టేదో గుర్తు రాలేదు. పిలిచి అడుగుదామన్నట్టు ఒక అడుగు ముందుకు వేశాడు. మోకాలికి కట్టెల మోపు తగిలింది.

ఒక గింజ తీసి నొక్కాడు. నలగలేదు.

మధ్యాహ్నం ఇంకోటి తీశాడు. అది కూడా అంతే. ఇంకో రెండు కట్టెలు దూర్చాడు. మంట కుండ మెడ దాకా ఎక్కింది. నీళ్లు తగ్గితే పోశాడు, మళ్లీ తగ్గితే మళ్లీ పోశాడు. పొద్దు పడమటికి వాలింది. శనగలు మాత్రం పొద్దున ఎలా ఉన్నాయో అలాగే, గుండ్రంగా, బిగుసుకుని ఉన్నాయి.

హమ్దాన్ వచ్చి ఒకటి నోట్లో వేసుకున్నాడు. దవడ పట్టుకున్నాడు.

"నాకున్నవే ఏడు పళ్లు. వాటి మీద కూడా నీకు కన్ను పడిందా?"

"ఈ శనగలు పాతవి మామా. కొట్టువాడు మోసం చేశాడు."

"అదే మూటలోవి మొన్న నేను వండాను. నువ్వూ తిన్నావు. వెన్నలా ఉన్నాయన్నావు." హమ్దాన్ కుండ మీద వంగి వాసన చూశాడు. ఖాళీ నిమ్మ డిప్పలు లెక్కపెట్టాడు. చీపురు తీసుకుని వాకిలి ఊడ్చడానికి వెళ్లిపోయాడు.

ఉడక్కపోతే నలగ్గొట్టాలి. లబీబ్ శనగల్ని రోట్లోకి ఒంపి రోకలి ఎత్తాడు. దెబ్బ పడ్డప్పుడల్లా నాలుగు గింజలు ఎగిరి గోడకు కొట్టుకున్నాయి. మిగిలినవి పగిలాయి కానీ మెదగలేదు. అరచేతులు బొబ్బలెక్కే దాకా దంచాడు. చివరికి రోట్లో మిగిలింది సముద్రం ఒడ్డున దొరికే ముతక ఇసుక. నోట్లో పెట్టుకుంటే పులుపు మాత్రం లోపలి దాకా దిగింది. అనుకున్నట్టే దిగింది.

బాబా వచ్చేసరికి లబీబ్ రోటి పక్కన మోకాళ్లలో తల పెట్టుకుని ఉన్నాడు. బాబా ఒక చిటికెడు తీసుకుని నమిలాడు. తొందరపడకుండా నమిలాడు.

"నిమ్మ బాగా పట్టింది," అన్నాడు.

"నా తప్పేమిటి బాబా?"

"ఇది మేకకు పెట్టు. ఆకలి మీద ఉంది."

లబీబ్ ఆ ఇసుకను తీసుకెళ్లి మేక ముందు పెట్టాడు. మేక వాసన చూసింది. తల ఎత్తి లబీబ్ ముఖం చూసింది. అటు తిరిగి పడుకుంది.

తిరిగి వచ్చేసరికి బాబా తనే గంగాళంలో ఇంకో దోసెడు, ఇంకో దోసెడు శనగలు పోసి నీళ్లతో నింపుతున్నాడు.

గురువారం మంచు మరీ దట్టంగా ఉంది. వంటింటి తలుపు తీస్తే బయట ఏమీ లేదు. చెట్లు లేవు, కొండ లేదు, కింద ఊరు లేదు. తెల్లగా ఒక నిశ్శబ్దం గడప దాకా వచ్చి కూర్చుంది. ఈ ఒక్క వంటిల్లే ఎక్కడో తేలుతున్నట్టు ఉంది.

బాబా పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉన్నాడు. లబీబ్ నాలుగు కట్టెలు పెట్టాడు. బాబా మూడు బయటికి లాగాడు.

కుండలో నీళ్లు మరిగాయి. నురుగు పైకి లేచింది. లబీబ్ చెయ్యి తనకు తెలియకుండానే గూటి వైపు వెళ్లింది. బుట్ట ఖాళీగా ఉంది. చుట్టూ చూశాడు. ఉన్న ఒక్క నిమ్మకాయా బాబా గుప్పిట్లో ఉంది. పిచ్చుకను పట్టుకున్నట్టు మెత్తగా పట్టుకుని ఉన్నాడు.

లబీబ్ చెయ్యి చాచాడు. బాబా రెండో చేత్తో ఆ చేతిలో గరిటె పెట్టాడు.

"నురుగు తియ్యి."

నురుగు తీశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ తీశాడు. మంట చిన్నదిగా, నీలంగా ఉంది. నిన్న కుండ అరిచింది. ఇవాళ గొణుగుతోంది. ఆ గొణుగుడు వింటూ ఎంతసేపు కూర్చున్నాడో లబీబ్‌కు తెలియలేదు. మగతగా అనిపించింది. నిద్ర కాదు. బాబా ఒకసారి నిమ్మకాయను ఒక చేతిలోంచి రెండో చేతిలోకి మార్చుకున్నాడు, అంతే.

"ఇప్పుడు చూడు," అన్నాడు కాసేపటికి.

లబీబ్ ఒక గింజ తీసి రెండు వేళ్ల మధ్య పెట్టాడు. నొక్కక్కర్లేకపోయింది. పసిపాప చెవి తమ్మెలా ఉంది. అలా పట్టుకోగానే ఒదిగిపోయింది.

లబీబ్ ఆ వేళ్లను చూస్తూ ఉండిపోయాడు. నలభయ్యో రోజు. నోటి దాకా వచ్చిన రొట్టె ముక్క. అమ్మ పోయి అప్పటికి నలభై రోజులే అయింది. ఆ చెయ్యి ఆ రోజే మొదటిసారి సరిగా అన్నానికి ముందుకు వచ్చిందేమో. అది తను చూడలేదు. కాదు, చూశాడు. చూసి, సరిగ్గా అప్పుడే లేచాడు.

బయట మంచులోంచి చిన్న చప్పుడు వినిపించింది. లోహం లోహానికి తగిలిన చప్పుడు. మనిషి కనిపించకముందే ఆ గలగల దగ్గరికి వస్తోంది. ఆ చప్పుడు లబీబ్‌కు తెలుసు. గరిటె కుండ అంచుకు తగిలి ఆగింది.

"బాబా. అతిథి..."

"గంగాళం ఇటు తీసుకురా," అన్నాడు బాబా. "పొట్టు తియ్యాల్సింది చాలా ఉంది."

మంచులోంచి తమీమ్ గడప మీదికి వచ్చి నిలబడ్డాడు. జుట్టు మీద, కనుబొమ్మల మీద సన్నటి తడి. ఐదు నెలల్లో చిక్కిపోయాడు. వంటింట్లో ఎవరున్నారో చూశాడు. చూడనట్టు బాబా వైపు తిరిగాడు.

"పిలిచారట."

"రా నాయనా. వంట ఇంకా కాలేదు. తొందరగా వెళ్లాలా?"

"సాయంత్రం నమాజు వేళకి తూము దగ్గర ఉండాలి."

"బోలెడంత పొద్దుంది."

తమీమ్ తాళాల గుత్తి తీసి కిటికీ దిమ్మ మీద పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లబీబ్ గంగాళంలో చల్లటి నీళ్లు పోసి, ఉడికిన శనగల్ని అందులోకి వంచాడు. తల ఎత్తలేదు. గింజల్ని అరచేతుల మధ్య రుద్దడం మొదలుపెట్టాడు. జేబులో కాగితాలు గరగరమన్నాయి.

 నీళ్ల చప్పుడు మాత్రమే ఉంది.

లబీబ్‌కు ఆ పని చేతకావడం లేదు. గట్టిగా రుద్దితే గింజ చితికిపోతోంది. మెల్లగా రుద్దితే పొట్టు రావడం లేదు. తమీమ్ కాసేపు చూశాడు. వేరే వైపు చూశాడు. మళ్లీ చూశాడు. చివరికి చేతులు పైకి మడిచి గంగాళానికి అవతలి వైపు వచ్చి కూర్చున్నాడు. నీళ్లలో చేతులు పెట్టాడు.

అతని బొటనవేలు ఒకసారి ఇలా జరిగితే చాలు, గింజ బయటికి జారిపోతోంది. పొట్టు పలచగా, గాజురెక్కలా, పైకి తేలుతోంది. ఒకటి, పది, వంద. కొద్దిసేపటికి నీళ్ల మీద ఆ రెక్కలు తప్ప ఇంకేమీ కనిపించలేదు. వాటి కింద నాలుగు చేతులు వెతుక్కుంటున్నాయి. ఒకసారి వేళ్లకు వేళ్లు తగిలాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు. ఎవరూ తగిలినట్టు కూడా ఉండలేదు.

లబీబ్ శనగల్ని రోట్లో వేసి నూరాడు. నిన్నటి రోలే, నిన్నటి రోకలే. ఇవాళ దంచే పనే లేకపోయింది. తిప్పుతుంటే ముద్దయింది, ముద్ద వెన్నయింది. ఇంకో గిన్నెలో నువ్వుల ముద్ద తీసుకుని చెంచాడు చల్లటి నీళ్లు పోసి కలిపాడు. జారుగా ఉన్నది కాస్తా ఒక్కసారిగా గట్టిపడింది. గడ్డలు కట్టి చెంచాను పట్టుకుంది. రంగు కూడా మారింది.  ఇదీ పాడు చేశాను అనుకుని లబీబ్ చెంచా వదిలేశాడు.

"ఆపకు," అన్నాడు తమీమ్.

ఐదు నెలల తర్వాత మొదటి మాట.

"ఇంకో చుక్క పొయ్యి."

పోశాడు.

"ఇంకోటి. కలుపుతూ ఉండు."

గడ్డ వదులైంది. మెల్లగా విచ్చుకుంది. తెల్లగా, బయటి మంచులాగే తెల్లగా అయింది.

రెండూ కలిపాడు. వెల్లుల్లి నూరి వేశాడు. ఉప్పు వేశాడు. ఇక మిగిలింది ఒకటే. లబీబ్ బాబా గుప్పిట వైపు చూశాడు. బాబా తలుపు బయట లేని కొండను చూస్తున్నాడు. లబీబ్ అడగలేదు. నిన్నటి ఇసుక ఇంకా పళ్ల మధ్య ఉన్నట్టే ఉంది. ఈ జన్మలో నిమ్మకాయ ముట్టుకోకూడదనుకున్నాడు.

మట్టి గిన్నెలోకి తీసి, చెంచా వీపుతో మధ్యలో చిన్న గుంట చేసి, ఆలివ్ నూనె పోశాడు. వేడి రొట్టె పక్కన పెట్టి అన్న ముందుకు జరిపాడు.

తమీమ్ ఒక ముక్క తుంచాడు. అద్దుకున్నాడు. నోట్లో పెట్టుకున్నాడు. లబీబ్ ఆ చేతినే చూస్తూ ఉన్నాడు. రెండో ముక్క. హమ్దాన్ కూడా చీపురు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఎలా ఉంది?" అని హమ్దానే అడిగాడు.

"మెత్తగా ఉంది," అన్నాడు తమీమ్. ఇంకో ముక్క తుంచి ఆగాడు. "చప్పగా ఉంది. నిమ్మకాయ లేదా?"

లబీబ్ నేల చూశాడు. "ఉంది. వెయ్యలేదు."

"ఎందుకు?"

"ముందు ఒకసారి వేశాను. అంతా పాడైపోయింది."

తమీమ్ తల ఎత్తి తమ్ముడి ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. ఎప్పుడని అడగలేదు.

బాబా గుప్పిట తెరిచి నిమ్మకాయను లబీబ్ ముందు పెట్టాడు. పొద్దుటి నుంచి ఆ చేతిలోనే ఉండి అది వెచ్చగా ఉంది.

"పిండు," అన్నాడు. "అడిగాడుగా."

లబీబ్ కోశాడు. ఒక చెక్క పిండాడు. తమీమ్ రొట్టెతోనే కలిపి తిన్నాడు. ఒక కన్ను మూసుకుపోయింది. తల ఊపాడు.

"అమ్మ ఇంకొంచెం వేసేది."

గిన్నె సగానికి వచ్చే దాకా తింటూనే ఉన్నాడు. తర్వాత తల ఎత్తకుండా అన్నాడు, "రేపు మసీదులో ఏదో చదువుతావట. ఊరంతా అనుకుంటున్నారు. నా పేరు ఉందా?"

"ఉంది."

"ఎన్నిసార్లు?"

"పదకొండు."

గుమ్మంలో హమ్దాన్‌కు దగ్గు వచ్చింది.

"పదకొండు," అన్నాడు తమీమ్. "అన్నానికి రమ్మని అమ్మ కూడా అన్నిసార్లు పిలవలేదు. రేపటి దాకా ఎందుకు? ఇప్పుడే చెప్పు. వింటాను."

లబీబ్ చెయ్యి జేబులోకి వెళ్లింది. కాగితాలు ఆవిరికి తడిసి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విప్పితే విడిపోయేవే. వాటిని పట్టుకుని కాసేపు కూర్చున్నాడు. మడత విప్పకుండానే తిరిగి జేబులో పెట్టుకున్నాడు.

"అన్నా, ఈ గిన్నె కుమ్మరి వాడ యూనుస్ తాత చేసింది," అన్నాడు.  "పోయిన నెల చేశాడు. ఆ తర్వాత చెయ్యలేదు. మట్టి తడపడానికి నీళ్లు లేవు. సారె మీద దుమ్ము పేరుకుంది. వాళ్ల కోడలు కడవ పట్టుకుని రోజూ మన ఖాన్‌ఖా వాననీళ్ల తొట్టి దాకా ఎక్కి వస్తోంది. ఎనిమిదో నెల ఆమెకి." ఊపిరి తీసుకున్నాడు. "తూము తాళం వేసేది నీ చెయ్యే. ఆ మాట నేను వెనక్కి తీసుకోను. ఆ మాట చెప్పిన రోజు తప్పు. అమ్మ ఎదురుగా ఉండగా అన్నట్టయింది."

తమీమ్ చేతిలో రొట్టె ముక్క ఆగిపోయింది. గిన్నెకూ నోటికీ మధ్య, గాలిలో ఆగింది. లబీబ్‌కు ఆ ముక్క తప్ప ఈ లోకంలో ఇంకేమీ కనిపించలేదు. అది పళ్లెంలోకి తిరిగి వెళ్తుందని చూస్తూ ఉన్నాడు.

తమీమ్ దాన్ని మెల్లగా నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అది నిమ్మకాయ పులుపుకు కూడా కావచ్చు.

"వాళ్లింట్లో నీళ్లు ఎప్పటి నుంచి లేవు?"

"ఆదివారం నుంచి."

తమీమ్ కిటికీ దిమ్మ మీద ఉన్న తాళాల గుత్తి వైపు చూశాడు.

"పెద్ద తూము అమీరు మనుషుల కళ్ల ముందు ఉంటుంది," అన్నాడు చివరికి. "గోడ కింద ఇంకో తూము ఉంది. చిన్నది. నాకు ముందున్న తాళాలవాడు చూపించాడు. అది నేరుగా కుమ్మరి వాడలోకే దిగుతుంది. దాని సంగతి ఎవరూ అడగరు. నేనూ ఇన్నాళ్లూ అడగలేదు." చెయ్యి చాచి గుత్తి అందుకుని, చివరి తాళంచెవిని వేలితో వెతికి పట్టుకున్నాడు. "తాళం తుప్పు పట్టి ఉంటుంది. తిరుగుతుందో లేదో."

"నూనె ఉంది," అన్నాడు హమ్దాన్.

లబీబ్ మిగిలిన నిమ్మచెక్క తీసి గిన్నెలో పిండాడు. తమీమ్ ఒక రొట్టె తీసి మధ్యకి తుంచి, సగం అతని వైపు జరిపాడు.

తలుపు బయట ఒక ఆలివ్ కొమ్మ కనిపించింది. దాని వెనక ఇంకోటి.

హమ్దాన్ నూనె సీసా తీసి అన్నదమ్ముల పక్కన పెట్టి, పొయ్యి దగ్గరికి వంగాడు.

"వంట అయిపోయిందిగా బాబా. ఆర్పేయనా?"

బాబా లబీబ్ వైపు చూశాడు. పొయ్యి వైపు చూశాడు.

"వద్దు," అన్నాడు. "సన్న సెగ మీద ఉండనీ."